వదిలిన నీళ్ళు, అందిన నీళ్ళు

బి.ఏ. మొదటి సంవత్సరం క్వార్టర్లీ పరీక్షలో మేం ముప్ఫై ఒక్కమంది అమ్మాయిలం కలిసి ఒక రాజుగారిని యుద్ధంలో చంపేసి, ఆ తర్వాత ఆయన చేతే పన్నెండేళ్ళు రాజ్యం చేయించాం.

తప్పు గైడుది. ఆ రోజుల్లో, అంటే డెబ్బైల నడుమ, విజయవాడలో పాఠ్యపుస్తకం కొనని విద్యార్థులు ఉండేవారు గానీ గైడు కొనని వాళ్ళు లేరు. ఆ ఏడాది గైడు అచ్చువేసేటప్పుడు ఒక లైను ఎగిరిపోయింది. ‘ఆ యుద్ధమున రాజు వీరమరణము పొందెను’ అన్న వాక్యం తర్వాత కొడుకు పట్టాభిషేకం సంగతి ఉండాలి. అది లేదు. సరాసరి ‘పండ్రెండు సంవత్సరములు ప్రజలను కన్నబిడ్డలవలె పాలించెను’ అని ఉంది. మేమంతా దాన్ని పొల్లు పోకుండా బట్టీపట్టి, పొల్లు పోకుండా పరీక్ష కాగితం మీద దించేశాం.

హిస్టరీ మేడమ్ ఆ కాగితాలు దిద్దుకొచ్చిన రోజు ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. ఆవిడకు అప్పటికి ముప్ఫై దాటి రెండు మూడేళ్ళు అయ్యుంటాయి. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ఎప్పుడూ నేత చీరే. జడలో పువ్వు ఉన్నా లేకపోయినా చెవి వెనక ఎర్ర పెన్సిలు ఉండాల్సిందే. కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, చాలా మామూలుగా అడిగారు.

“చచ్చిపోయినాయన పన్నెండేళ్ళు ఎలా పాలించాడో ఎవరైనా చెప్తారా?”

మొదటి బెంచీలోంచి నా స్నేహితురాలు లేచింది. రోజూ ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. వాళ్ళ నాన్నగారికి అక్కడ కొత్తగా కడుతున్న థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. క్లాసులో ఎప్పుడూ ఫస్టు తనదే.

“గైడులో అలాగే ఉంది మేడమ్.”

“ఉంది. నేనూ చూశాను. అది చదివినప్పుడు నీకేమనిపించింది?”

“ఏమీ అనిపించలేదు మేడమ్. ఇంపార్టెంట్ అని పక్కన స్టార్ గుర్తుంది.”

క్లాసంతా గొల్లుమంది. మేడమ్ కూడా ఆపుకోలేక నవ్వేశారు. నేనూ నవ్వాను గానీ నవ్వు మధ్యలోనే ఒళ్ళు ఝల్లుమంది. ఆ జవాబు హాస్టలు డాబా మీద తిరుగుతూ పదిహేనుసార్లు చదివాను. ఆ పదిహేనుసార్లలో ఒక్కసారి కూడా నేను ఆ వాక్యం చదవలేదన్న మాట! కళ్ళు అక్షరాల మీద తిరిగాయి, పెదవులు కదిలాయి, అంతే. మరి చదవడమంటే ఏంటి? ఆ ప్రశ్న నన్ను పట్టుకున్న క్షణంలో సిగ్గు కలగలేదు. కొత్త ఊళ్ళో బస్సు దిగినంత సంబరంగా అనిపించింది.

మాది చల్లపల్లి దాటాక మూడు మైళ్ళ దూరంలో, పిల్లకాలవ చివరన ఉన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. నాన్నకు రెండెకరాల మాగాణి ఉండేది. మా చర్చిలో ఆయన సంఘపెద్ద కూడా. అచ్చయిన అక్షరమంటే నాన్నకు ఎంత గౌరవమంటే, బైబిలు ఎంత భక్తిగా తెరిచేవాడో పేపరూ అంతే భక్తిగా విప్పేవాడు. “పేపర్లో వచ్చిందమ్మా” అన్నాడంటే ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. నేనూ అదే నమ్మకంతో పెట్టె సర్దుకుని విజయవాడ వచ్చాను.

ఆ క్వార్టర్లీ తర్వాత మేడమ్ శనివారం చివరి పీరియడు పాఠం మానేశారు. పేపరు ముక్కలు కత్తిరించి తెచ్చి మా ముందు పెట్టేవారు. ‘తెలియవచ్చింది’ అన్న మాట కనబడితే చాలు, ఎర్ర పెన్సిలుతో గుండ్రంగా చుట్టి అడిగేవారు.

“ఎవరికి తెలియవచ్చింది? ఎవరు చెప్తే తెలిసింది? ఆ చెప్పినాయన అక్కడున్నాడా? చెప్పకుండా వదిలేసిందేంటి?”

మొదట్లో మాకు తిక్కగా ఉండేది. ఇవన్నీ పరీక్షలో వస్తాయా అని గుసగుసలు. నాలుగు వారాలు గడిచేసరికి మాత్రం పిచ్చి పట్టుకుంది. కనబడ్డ ప్రతిదాన్నీ అడగడం మొదలుపెట్టాం. హాస్టల్లో ఒకరోజు నోటీసు పెట్టారు. ‘సాంబారు నాణ్యత మెరుగుపరచబడినది.’ మేం ఆరుగురం దానిముందు నిలబడి, “ఎవరిచేత మెరుగుపరచబడినది? ఎప్పుడు? రుచి చూసిందెవరు?” అని పడీపడీ నవ్వుతుంటే వార్డెన్‌గారు బయటికొచ్చి, “ఏంటమ్మా అంత నవ్వు?” అని గద్దించారు. సాంబారు మారలేదు గానీ మర్నాటి నుంచి ఆ నోటీసు కనబడలేదు.

ఇలా ఎగతాళిలో పడిపోతామని మేడమ్‌కు తెలుసేమో, ఓ శనివారం గట్టిగానే చెప్పారు. “పేపరంతా అబద్ధమని నేను నేర్పుతున్నాననుకోకండి. అన్నీ నిజమేననుకునేవాళ్ళకి చదవడం ఎలా రాదో, అన్నీ అబద్ధాలేననేవాళ్ళకీ అలాగే రాదు. ఇద్దరిదీ బద్ధకమే.”

చదవడంతోపాటు రాయడం. వారానికి అరపేజీ, నువ్వు స్వయంగా చూసినదాన్ని గురించి. నేను మొదటిసారి బస్టాండు గురించి రాశాను. ‘అశేష జనసందోహముతో కిటకిటలాడుచు’ అని ఎత్తుకున్నాను. ఎనిమిదో తరగతి నుంచి నాకు మార్కులు తెచ్చిపెడుతున్న వాక్యం అది. మేడమ్ దాని కింద గీత గీసి రాశారు: ‘ఎవరు వాళ్ళు? ఏం చేస్తున్నారు?’ ఏం చెప్పాలో తోచక సాయంత్రం మళ్ళీ బస్టాండుకు వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. ఒకావిడ కోడిపిల్లల గంప మీద తడిగుడ్డ కప్పి, బస్సు కదిలేదాకా గుడ్డ సందులోంచి వేలితో ఒక్కొక్క పిల్లనూ తడుముతూ లెక్కపెట్టుకుంటోంది. అది రాశాను. ఈసారి కాగితం కింద ‘ఇది నువ్వు రాసింది’ అని ఉంది. ఆ మూడు మాటలూ చూసుకుని హాస్టలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

అసలు సంగతి రెండో సంవత్సరంలో జరిగింది. కాలేజీ తెరిచిన కొత్త. హాస్టలు రీడింగ్ రూములో పేపరు తిప్పుతుంటే జిల్లా పేజీలో ఒక శీర్షిక కనబడింది: ‘శివారు భూములకు పుష్కలంగా అందిన సాగునీరు’. శివారు అంటే కాలవకు చిట్టచివర ఉన్న పొలాలు. కింద ఉన్న కాలవ పేరు మాదే! ఎగిరి గంతేశాను. సరిగ్గా రెండు రోజులకు నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ‘నారుమళ్ళు నెర్రెలిచ్చినవి. పై ఊరివాళ్ళు నీళ్ళు కాజేయుచున్నారు. ఆదివారం ఆరాధన అయినాక మనవాళ్ళందరూ పలుగులు తీసుకుని వెళ్ళి వాళ్ళ గట్టు తెంపుటకు నిశ్చయించినారు.’

కార్డు ఒక చేతిలో, పేపరు ఒక చేతిలో పట్టుకుని స్టాఫ్ రూముకు పరిగెత్తాను. “మేడమ్, పేపరు అబద్ధం రాసింది! మా నాన్న రాశాడు చూడండి” అన్నాను ఆయాసపడుతూ.

ఆవిడ రెండూ తీసుకుని నిదానంగా చదివారు. పేపరు నాకు తిరిగిచ్చి, “శీర్షిక కాదు, కింద వార్త చదువు. గట్టిగా” అన్నారు.

చదివాను. ‘శివారు భూములకు సైతం నీరందేలా కాలవకు పూర్తిస్థాయిలో నీరు వదిలినట్లు అధికారులు తెలిపారు.’

చదువుతూ చదువుతూ ‘వదిలినట్లు’ దగ్గర ఆగిపోయాను. వదిలారు. అందినట్టు ఎవరూ చెప్పలేదు! వదిలిన నీళ్ళు శీర్షికలోకి వచ్చేసరికి అందిన నీళ్ళయిపోయాయి. మొదలు దగ్గర నిలబడి ఒకాయన చెప్పిన మాట అది. చివర నిలబడి చూసినవాళ్ళు ఆ వార్తలో ఒక్కరూ లేరు. రెండు మాటల మధ్య సందులో మా ఊరు ఊరంతా కనబడింది నాకు.

“దొరికింది మేడమ్!” అని అరిచినట్టున్నాను, పక్క బల్ల దగ్గర ఎకనామిక్స్ మేడమ్ తలెత్తి చూశారు.

“ఆగు. ఇప్పుడు ఈ కార్డు చదువు.”

“ఇది మా నాన్న రాసింది కదండీ.”

“నాన్నగారు రాస్తే ప్రశ్నలుండవా? నారుమళ్ళు నెర్రెలిచ్చాయన్నారు. అది ఆయన చూసే రాశారు. పై ఊరివాళ్ళు కాజేస్తున్నారన్నారు. అది చూశారా?”

నాకు కోపం వచ్చింది. మా నాన్న అబద్ధమాడడు. అదే మాట అనేశాను కూడా. ఆవిడ ఏమీ అనుకోలేదు. “అబద్ధమాడతారని నేనన్నానా? చూశారా అని అడుగుతున్నాను. అక్కడ పలుగులు పట్టుకెళ్తున్నారు. ఆదివారం లోపల కనుక్కోవడం మంచిది కదా” అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కాను. దారి పొడుగునా బందరు కాలవ గట్టుల్ని ఒరుసుకుంటూ పారుతోంది. అన్ని నీళ్ళు ఇక్కడుంటే మా మళ్ళకేమైందా అని కిటికీలోంచి కళ్ళు తీయకుండా కూర్చున్నాను. ఇంటికెళ్ళీ వెళ్ళగానే, చెప్పులైనా విప్పకుండా అడిగాను.

“నాన్నా, పై ఊరివాళ్ళు నీళ్ళు కాజేయడం నువ్వు చూశావా?”

నాన్న నా వంక వింతగా చూశాడు. “చూసేదేంటే? నీళ్ళు తగ్గినప్పుడల్లా వాళ్ళేగా!”

“ఈసారి చూశావా?”

“ఈసారి...” అని ఆగాడు. “మనవాళ్ళందరూ అంటున్నారమ్మా.”

“అయితే రేపు పొద్దున మనిద్దరం వెళ్ళి చూసొద్దాం.”

అమ్మ కల్పించుకుంది. “ఆడపిల్ల గట్లెమ్మట తిరగడమేంటే, కాలేజీలో నేర్పింది ఇదా?” అంది. నాన్న మాత్రం ఏమనుకున్నాడో, “పోనీలే, నేనుంటాగా” అన్నాడు.

శనివారం తెల్లారగానే బయల్దేరాం. నా చేతిలో నోటుపుస్తకం. నాన్న చేతిలో గాట్లు పెట్టిన వెదురుకర్ర. జానకో గాటు చొప్పున రాత్రి అన్నం తిన్నాక నేనే పెట్టాను. మా పొలాల దగ్గర కాలవలో కర్ర దించితే అర జాన. అంటే చీలమండ లోతు. ఎగువకు నడిచాం. రెండు ఫర్లాంగుల తర్వాత కూడా అర జానే. “చూశావా, పైన కట్టేశారు” అన్నాడు నాన్న. రోడ్డు కింద కాలవ దూరే తూము దగ్గరికి వచ్చాం. అవతలి వైపుకు ఎక్కి చూశాం.

అవతల నీళ్ళు కనబడ్డంలేదు. ఊదారంగు పూలు పూసి, చాప పరిచినట్టు గుర్రపుడెక్క. కర్ర దించితే మునిగిపోతూనే ఉంది. అయిదున్నర జానలు! తూము నోట్లో ఒక తాటిదుంగ అడ్డంపడి ఇరుక్కుంది. ఎక్కడో వంతెనకు వేసింది కొట్టుకొచ్చిందేమో. దానికి డెక్కంతా చుట్టుకుని బిరడా వేసినట్టు బిగిసిపోయింది. ఒకవైపు ఛాతీలోతు నీళ్ళు, ఇంకోవైపు నెర్రెలిచ్చిన మళ్ళు.

“ఇంకా పైకి వెళ్దాం పద నాన్నా” అన్నాను. కాళ్ళు నేల మీద నిలవడంలేదు నాకు.

పై ఊరి తూము దగ్గరికెళ్ళాం. దాని తలుపు దించేసి ఉంది. వాళ్ళ నారుమళ్ళు ఎప్పుడో తడిశాయి, నీళ్ళు ఎక్కువై తామే కట్టేసుకున్నామని అక్కడ గట్టుకు మట్టి వేస్తున్న రైతు చెప్పాడు. కాజేయడం కాదు కదా, ఆ నీళ్ళు గట్టు దాటి పొలాలమీద పడతాయేమోనని వాళ్ళే భయపడుతున్నారు. నాన్న ఆ దించిన తలుపు మీద చెయ్యి వేసి చూశాడు. తర్వాత, “రేపు వీళ్ళ గట్టు తెంపితే ఈ నీళ్ళన్నీ వాళ్ళ ఊళ్ళో పడేవి. మనకి చుక్క వచ్చేది కాదు” అన్నాడు మెల్లిగా.

అన్నీ రాసుకున్నాను. ఎక్కడ, ఎంత లోతు, ఎన్నింటికి. నాన్న తన చేతి గడియారం చూసి చెప్పాడు.

దుంగను మేమే లాగేద్దామంటే కుదిరేది కాదు. అంత నీటి ఒత్తిడి మీద దిగితే మనిషి తూములోకి పోతాడు. పైన లాకు దగ్గర తలుపులు ఒక్కరోజు దించి, నీరు తగ్గాక గొలుసులు వేసి లాగాలి. అది కాలవల ఆఫీసువాళ్ళు చేయాల్సిన పని. అర్జీ రాయాలి. అర్జీ అనగానే ఊళ్ళో అందరి కళ్ళూ నామీదే.

మధ్యాహ్నం కూర్చుని రెండు పేజీలు రాశాను. ‘మహారాజశ్రీ ఇంజనీరు దొరవారి దివ్యసముఖమునకు’ అని మొదలుపెట్టి, రైతన్నల కన్నీటి ధారలూ, ఎండిన గుండెలూ, ఆకలి కేకలూ అన్నీ దింపాను. చదివి వినిపిస్తే నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నేను మాత్రం నాలుగో వాక్యం దగ్గరే తడబడ్డాను. కన్నీళ్ళెవరివి? ఏ తూము? ఆఫీసులో ఉన్నాయన ఇది చదివి ఎక్కడికి రావాలి, ఏం తేవాలి? ఎర్ర పెన్సిలు ఎవరో నా చేతిలో పెట్టినట్టే ఉంది. రెండు పేజీలూ చింపేశాను.

“అంత బాగా రాసి చింపేశావేంటే!” అని నాన్న లబోదిబోమన్నాడు.

“ఏడిపించడానికి కాదు నాన్నా, రప్పించడానికి రాయాలి” అన్నాను.

రెండోది పదకొండు వాక్యాలయింది. ఏ రోడ్డు కింద తూము, దుంగ ఎటువైపు ఇరుక్కుంది, రెండువైపులా ఎంత లోతు, ఎప్పుడు కొలిచాం, ఎవరు చూశారు, ఏం చేయమని అడుగుతున్నాం. ఒక్కొక్క వాక్యం రాస్తుంటే రాళ్ళు పేర్చి గోడ కడుతున్నట్టు గర్వంగా ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పలుగులకు బదులు ఆ కాగితం పట్టుకుని నాన్న, నేను, మరో నలుగురు కలిసి పై ఊరికి వెళ్ళాం. అక్కడి పెద్దరైతు ఒకాయన, డెబ్బై ఏళ్ళుంటాయి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. మా నాన్న సంగతంతా చెప్పి, “మీ ఊరివాళ్ళూ సంతకాలు పెడితే బావుంటదండి” అన్నాడు. వారం రోజులుగా ఆ ఊరిని తిడుతున్న మనిషి ఆ మాట అనడానికి ఎంత తడబడ్డాడో నేను చూశాను.

“ముందు చదవండి, విందాం” అన్నాడు ముసలాయన. ఆయనకు చదువు రాదు. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. ‘దిగువ ఊరికి నీరు బొత్తిగా రావడం లేదు’ అనగానే చెయ్యెత్తాడు.

“ఆగమ్మా. అర జాన లోతుందని పైన రాసి, కింద బొత్తిగా లేదంటావేంటి? రేప్పొద్దున ఆ ఆఫీసరు కాలవలో తడి చూశాడనుకో, మిగతాదంతా అబద్ధమేననుకుంటాడు.”

ఏడాదిగా నేను నేర్చుకున్నదాన్ని బడి మొహం చూడని మనిషి అరుగు మీద కూర్చుని చెవులతో చేసేశాడు. “తప్పేనండి” అని అక్కడికక్కడే కొట్టేసి, ‘నారుమళ్ళకు ఎక్కేటంత రావడం లేదు’ అని దిద్దాను. మళ్ళీ మొదట్నుంచి చదివించుకుని అప్పుడు వేలిముద్ర వేశాడాయన. రెండు ఊళ్ళ సంతకాలూ ఒకే కాగితం మీద పడ్డాయి.

సోమవారం నా స్నేహితురాల్ని తోడు తీసుకుని విజయవాడలో కాలవల ఆఫీసుకు వెళ్ళాను. ఇంజనీరుగారు నిలబడే కాగితం అందుకున్నారు. సగం చదివాక కూర్చున్నారు.

“ఈ కొలతలు ఎవరు తీశారు?”

“నేనేనండి. మా నాన్న కర్ర పట్టుకున్నాడు.”

“పై తూము తలుపు దించి ఉందని రాశారు. మీ కళ్ళతో చూశారా?”

“చెయ్యి వేసి చూశామండి” అన్నాను. ఆ ప్రశ్న నన్నడిగినందుకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

ఆయన పక్కనున్న మనిషిని పిలిచి, గొలుసులు, కొక్కేలు, మనుషులు అంటూ చెప్పడం మొదలుపెట్టారు. నా పదకొండు వాక్యాలు నా కళ్ళముందే పనిగా మారిపోతున్నాయి. బయటికొచ్చాక ఇద్దరం రిక్షా కూడా ఎక్కకుండా కాలేజీదాకా గాల్లో తేలినట్టు నడిచాం.

బుధవారం లాకు తలుపులు దించారట. గురువారం దుంగ బయటికొచ్చిందట. ఆ ఏడు మా ఊళ్ళో ఊడ్పులు ఆలస్యమయ్యాయి, పంట కొంచెం తగ్గింది కూడా. అయినా ఏ మడీ బీడు పోలేదు. ఆ తర్వాత నాన్న పేపరు చదవడం మానలేదు, భక్తీ తగ్గలేదు. కాకపోతే చదువుతూ చదువుతూ ఆగి, “ఇది ఈయన చూశాడంటావా?” అని అమ్మను అడిగేవాడట. అమ్మకు అదో తలనొప్పి.

ఆ శనివారం చివరి పీరియడులో మేడమ్ నన్ను వేదిక ఎక్కించి జరిగిందంతా చెప్పమన్నారు. చెప్తూ చెప్తూ వేడెక్కిపోయాను. లోతులు, గాట్లు, గంటలు అన్నీ బల్లగుద్ది చెప్పేశాను. అయిపోయింది, ఇక చప్పట్లే అనుకుంటుండగా మొదటి బెంచీలోంచి నా స్నేహితురాలు లేచింది. గైడులో స్టార్ చూసి బట్టీపట్టిన అమ్మాయే.

“ఒక డౌటు. జాన అన్నావు కదా. నీ జానా, మీ నాన్నగారి జానా?”

కర్ర మీద గాట్లు పెట్టింది నేను. అర్జీలో మాత్రం ‘జాన’ అని ఊరుకున్నాను. ఎవరిదో రాయలేదు. ఇంజనీరుగారూ అడగలేదు, అరుగు మీది పెద్దాయనా అడగలేదు, ఆఖరికి మేడమ్ కూడా అడగలేదు! మేడమ్ వంక చూస్తే ఆవిడ తల వంచుకుని నవ్వాపుకుంటున్నారు. క్లాసంతా నా చేతి వంక చూస్తోంది. నేను వేళ్ళు చాపి నా జానను నేనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాను. పట్టుబడిపోయినందుకు నాకు అంత సంతోషం ఎందుకేసిందో గానీ, వేదిక మీద నిలబడి పకపకా నవ్వేశాను.

“నాదే. కానీ రాయలేదు. స్కేలు ఎవరి దగ్గరుంది?” అన్నాను.

నాలుగు బెంచీల్లోంచి నాలుగు స్కేళ్ళు పైకి లేచాయి.